సవరణ: మరియా కాలస్ తొలి గురువు ఎల్విరా కాదు

స్పానిష్ సొప్రానో (పై స్థాయిలో పాడే ఒపెరా గాయని), గాత్ర గురువు ఎల్విరా దె ఇదాల్గో గురించి మొన్న పెట్టిన పోస్టులో, ‘మరియా కాలస్‌కు పాట నేర్పిన మొదటి గురువు ఈవిడే’ అని రాశాను. అది తప్పు. ప్రఖ్యాత ఒపెరా గాయని కాలస్ జీవిత చరిత్రల ప్రకారం, 1937లో న్యూయార్క్ నుంచి ఏథెన్స్ వచ్చిన కాలస్ ముందు నేషనల్ కన్సర్వేటరీలో మరియా త్రివెల్లా దగ్గర చేరింది. ఎల్విరా దగ్గరికి వచ్చింది 1939లో. ఆవిడ పాఠాలు చెప్పింది ఏథెన్స్ కన్సర్వేటరీలో, అది వేరే సంస్థ. ఈ రెంటినీ కలిపేశాను.

అంటే ఎల్విరా ముందు నిలబడి జర్మన్ స్వరకర్త వేబర్ ఒపెరా ‘ఒబెరాన్’లోని సముద్రం పాట పాడిన అమ్మాయి అప్పటికే కొంత సాధన చేసి ఉంది. ఆ బరువైన గొంతుకు బెల్ కాంటో (గొంతు సాఫీగా, తేలిగ్గా సాగే ఇటాలియన్ గానశైలి) పద్ధతి, వేగంగా పరిగెత్తే స్వరాలు అలవాటు చేయడమే ఎల్విరా గొప్పతనం. పొద్దున పదింటికల్లా వచ్చేసి, తన పాఠం అయ్యాక కూడా మిగతావాళ్ల పాఠాలు వింటూ అక్కడే ఉండిపోయేదాన్నని కాలసే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది.

ఇంకో మాట. ఎల్విరా స్టేజీ మీద రాణించలేక టీచరయ్యారని కొందరు అర్థం చేసుకున్నారు. నేను అలా అనలేదు, అది నిజమూ కాదు. పదహారేళ్ల వయసులో, 1908లో, నేపుల్స్‌లో ‘ది బార్బర్ ఆఫ్ సెవిల్’ ఒపెరాలో రోసినా పాత్రలో తొలిసారి పాడారు. 1910లో అదే పాత్రతో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా వేదికెక్కారు. పాఠాలు ఆ తర్వాతి సంగతి.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చి, త్రివెల్లా పేరు చేర్చాను.