చెవులు మూసుకునే పిల్లలు

వేలాడదీసిన రైలు పట్టాముక్క మీద ఖంగున మోగే బడిగంట, రేకుల కప్పు మీద వాన హోరు, భోజనం వేళ స్టీలు పళ్లేల మోత చాలామంది పిల్లలకు పట్టవు. అదే గదిలో ఒకరిద్దరు మాత్రం వాటిని భరించలేక చెవులు మూసుకుంటారు, బల్ల కిందికి దూరతారు, గేటు వైపు పరుగు తీస్తారు. మరికొందరికి ఎంత తాకిడీ, ఎంత కదలికా ఒంటికి చాలదు. వారు పక్కవారి మీద పడతారు, పెన్సిలు కొరుకుతారు, కుదురుగా కూర్చోరు. ఈ రెండు రకాల పిల్లల తీరుకూ మన బడుల్లో ఉన్న పేరు ఒక్కటే: అల్లరి.

చూపు, వినికిడి వంటి వాటితో పాటు ఒంటి సమతూకాన్నీ, కీళ్ల కదలికనూ తెలిపే జ్ఞానాలను మెదడు పొందికగా కూర్చుకోలేకపోతే చదువు కుంటుపడుతుందని అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోగలిగేలా శిక్షణ ఇచ్చే నిపుణురాలు) జీన్ ఎయిర్స్ 1972లోనే పుస్తకం రాశారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం ఇంద్రియాల అతి స్పందననూ, అల్ప స్పందననూ ఆటిజం లక్షణాల్లో చేర్చింది. విడి రుగ్మతగా మాత్రం గుర్తించలేదు. కాబట్టి చెవులు మూసుకున్న ప్రతి బిడ్డకూ ఆటిజం ముద్ర వేయనక్కర్లేదు, ముద్ర పడేదాకా సాయం ఆపనూ అక్కర్లేదు.

ఆ సాయానికి పెద్ద ఖర్చు లేదు. గంట కొట్టబోయే ముందు ఒక మాట చెప్పడం, బెదిరే బిడ్డను గుమ్మానికి దూరంగా గోడ వారన కూర్చోబెట్టడం, గది మూల ఒక చాప పరచి కాసేపు ఒంటరిగా ఉండనివ్వడం, భోజనాల వరుసలో రద్దీకి ముందే వడ్డించడం ఏ పంతులమ్మకైనా సాధ్యమే. సాంబారు కలిపిన అన్నం నోట్లో పెట్టుకోలేని బిడ్డకు రెండూ విడివిడిగా వడ్డిస్తే చాలు, బలవంతంగా తినిపించే పని ఉండదు. కదలకుండా ఉండలేని పిల్లవాడికి నోటుపుస్తకాల కట్ట మోయడమో, బల్లలు జరపడమో అప్పగిస్తే కండరాలకు పని దొరికి నెమ్మదిస్తాడు. అటువంటి వాడికి శిక్షగా ఆటల పీరియడ్ కోసేయడం మాత్రం ఆకలితో ఏడ్చేవాడి కంచం లాక్కోవడమే. (ఇంద్రియాలకు ఊరటనిస్తుందంటూ రంగు దీపాల 'సెన్సరీ రూమ్' చూపి ఫీజు పెంచే బడులు గంట మోతనైనా తగ్గించాయో లేదో తల్లిదండ్రులు అడగాలి.)

21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రభుత్వ నిధులో గుర్తింపో పొందిన ప్రతి విద్యాసంస్థా విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని నిర్దేశిస్తోంది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని, సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత, కేంద్ర ప్రభుత్వం 2022లో నిర్దేశించింది. తెలుగు రాష్ట్రాల్లో ఇటువంటి పిల్లలకు శిక్షణ ఇచ్చే భవిత కేంద్రాలూ ఉన్నాయి. అయితే అక్కడ గంటసేపు చేయించిన వ్యాయామం మిగతా రోజంతా అదే గంట, అదే మోత మధ్య ఆవిరైపోతోంది. ఒక్కరే అన్ని తరగతులనూ లాక్కొచ్చే ఏకోపాధ్యాయ పాఠశాలలో ఈ భారమంతా టీచరు మీదే వేయడమూ అన్యాయం. భవిత కేంద్రంలో శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు నెలకు ఒక పూటైనా మామూలు తరగతి గదిలో వెనక బల్ల మీద కూర్చుని, ఏ చప్పుడుకు ఏ బిడ్డ ఉలిక్కిపడుతున్నదో రాసుకుని, ఆ కాగితాన్ని టీచరు చేతికీ తల్లి చేతికీ ఇచ్చేలా రెండు ప్రభుత్వాలూ ఈ విద్యా సంవత్సరమే ఉత్తర్వులివ్వాలి.