క్లౌడ్‌లో దాచడం చవక, వెనక్కి తెచ్చుకోవడమే ఖరీదు

2006 మార్చి 14న అమెజాన్, ఇంటర్నెట్ ద్వారా పంపిన డేటాను తన సర్వర్లలో దాచిపెట్టే ఎస్3 అనే సేవను మొదలుపెట్టింది. దాని ధరల పట్టిక చాలా చిన్నది. ఒక జీబీ డేటాను నెల రోజులు దాచితే 15 సెంట్లు, ఒక జీబీని పంపినా తెప్పించుకున్నా 20 సెంట్లు. ముందుగా కట్టాల్సిన డబ్బు లేదు, కనీస బిల్లూ లేదు. అదే ఏడాది ఆగస్టులో గంటకు 10 సెంట్లకు సర్వర్‌ను అద్దెకిచ్చే ఈసీ2 వచ్చింది. ఈ రోజు మనం క్లౌడ్ అంటున్న వ్యాపారమంతా ఆ రెండు సేవల మీదే పెరిగింది.

అప్పటిదాకా ఒక వెబ్‌సైట్ నడపాలంటే సర్వర్లు కొనాలి, డేటా సెంటర్‌లో ర్యాక్ అద్దెకు తీసుకోవాలి, వచ్చే ఏడాది ఎంతమంది వస్తారో ఇప్పుడే ఊహించి అంత సామర్థ్యం మీద డబ్బు పెట్టాలి. జనం రాకపోతే డబ్బు వృథా. ఎక్కువ వస్తే సైటు కూలిపోతుంది. ఈ చిక్కు నుంచి చిన్న కంపెనీలను బయటపడేసింది క్లౌడే. తెలంగాణకు చెందిన ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు 2006లో మొదలుపెట్టిన బస్సు టికెట్ల సైటు రెడ్‌బస్ కూడా తర్వాత అమెజాన్ క్లౌడ్‌కు మారింది. సంక్రాంతి, దసరా ముందు టికెట్ల కోసం జనం ఎగబడి మిగతా రోజుల్లో పలచబడే వ్యాపారానికి అవసరమైనప్పుడే సర్వర్లు తీసుకునే వీలు ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. 2012లో ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పనిచేసేవాళ్లు 13 మంది. సొంత సర్వర్ గది ఉంటే అంత తక్కువ మందితో అన్ని కోట్ల ఫొటోలను నడపడం కుదిరేది కాదు. కాబట్టి నేను క్లౌడ్‌కు వ్యతిరేకిని కాను. నా అభ్యంతరమల్లా ఎస్3 ధరల పట్టికలోని రెండో అంకె మీద, అంటే డేటాను వెనక్కి తెప్పించుకునే ధర మీద.

మొదటి అంకె, అంటే నిల్వ ధర సంగతి చూడండి. అమెరికాలో ఎస్3 సాధారణ నిల్వ ధర ఇప్పుడు జీబీకి నెలకు 2.3 సెంట్లు. 15 నుంచి 2.3కి, అంటే దాదాపు 85 శాతం తగ్గింది. డేటాను ఇంటర్నెట్ ద్వారా బయటికి తీసుకెళ్లే ధర మాత్రం నెలకు తొలి 100 జీబీ ఉచితం పోగా జీబీకి 9 సెంట్ల దగ్గర ఆగింది. ఆ తగ్గుదల 55 శాతమే. ఇంకోలా చెప్పాలంటే, 2006లో మీ డేటా మొత్తం వెనక్కి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు నెలన్నర అద్దె కూడా కాదు. ఇప్పుడది దాదాపు నాలుగు నెలల అద్దె. నిల్వ చవకైన కొద్దీ, అద్దెతో పోలిస్తే బయటికి వెళ్లడం ఖరీదైంది. మరోవైపు 2011 జులై నుంచి డేటాను లోపలికి పంపడానికి అమెజాన్ పైసా తీసుకోవడం లేదు.

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెట్టిన రైతుకు దీన్ని వివరించాల్సి వస్తే ఇలా చెబుతాను: టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలికి మోయించడం ఉచితం, అద్దె కూడా తక్కువే, కానీ ధర బాగుందని సరుకు బయటికి తీసేరోజున టిక్కీకి నాలుగు నెలల అద్దె అదనంగా కట్టాలి. అలాంటి షరతుకు ఏ రైతూ ఒప్పుకోడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏళ్ల తరబడి ఒప్పుకుంటూనే ఉన్నాయి.

అమెజాన్ ముంబయి రీజియన్ (అక్కడి డేటా సెంటర్ల సముదాయం) ధరలు తీసుకుంటే, పెళ్లి వీడియోలు తీసే ఒక హైదరాబాద్ స్టూడియో 10 టీబీ, అంటే సుమారు పది వేల జీబీ దాచుకోవడానికి నెలకు సుమారు 250 డాలర్లు కడుతుంది. అంతా ఒకేసారి దించుకుని వేరే చోటికి మారాలంటే జీబీకి దాదాపు 11 సెంట్ల చొప్పున బిల్లు వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆ స్టూడియో యజమాని చేరేటప్పుడు చూసింది 250నే. మారదామనుకున్న రోజు దాకా వెయ్యి సంగతి ఎవరూ చెప్పరు.

కంపెనీలకూ ఒక వాదన ఉంది. క్లౌడ్ నుంచి బయటికి పోయే ట్రాఫిక్, లోపలికి వచ్చేదాని కంటే చాలా ఎక్కువ. అందుకే లైన్ల సామర్థ్యాన్ని బయటికి పోయేదాన్ని బట్టి కొనాలి, లోపలికి వచ్చేది దాదాపు అదనపు ఖర్చు లేకుండా వచ్చేస్తుంది. సముద్రగర్భ కేబుళ్లు, ప్రపంచమంతా విస్తరించిన నెట్‌వర్క్ ఊరికే రావు. ఇదంతా నిజమే. కానీ అసలు ఖర్చు 9 సెంట్ల దగ్గర ఉంటుందంటే నమ్మలేను. జర్మనీ కంపెనీ హెట్జ్‌నర్ యూరప్‌లో తన క్లౌడ్ సర్వర్‌తో నెలకు 20 టీబీ ట్రాఫిక్‌ను ఉచితంగా ఇచ్చి, ఆపైన టీబీకి సుమారు ఒక యూరో తీసుకుంటోంది. అమెజాన్ లెక్కలో టీబీ అంటే 90 డాలర్లు. క్లౌడ్‌ఫ్లేర్ 2021లో ప్రకటించిన ఆర్2 నిల్వలో బయటికి తీసే రుసుమే లేదు. నెట్‌వర్క్ నాణ్యతలో తేడా ఉందనుకున్నా, ఇన్ని రెట్ల తేడాకు అది కారణం కాలేదు. ఈ రుసుము ప్రధానంగా కస్టమర్ కాళ్లకు వేసిన బంధం.

లోతుపాతులు తెలిసిన పెద్ద కంపెనీలు దీన్ని ముందే తప్పించుకున్నాయి. 2008లో డేటాబేస్ చెడిపోయి మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయిన నెట్‌ఫ్లిక్స్, ఆ దెబ్బతో అమెజాన్ క్లౌడ్‌కు మారడం మొదలుపెట్టి 2016 జనవరికి పూర్తి చేసింది. అయితే ప్రేక్షకుడి ఇంటికి చేరే వీడియో మాత్రం ఆ క్లౌడ్ నుంచి రాదు. ఇంటర్నెట్ కంపెనీల దగ్గర నెట్‌ఫ్లిక్స్ సొంతంగా పెట్టించిన, వీడియోలు దాచి ఉంచే ఓపెన్ కనెక్ట్ పెట్టెల నుంచి వస్తుంది. ఎస్3 మీదే పుట్టి పెరిగిన ఫైళ్ల నిల్వ సేవ డ్రాప్‌బాక్స్ సొంత నిల్వ వ్యవస్థ కట్టుకుని, 500 పెటాబైట్ల (ఒక పెటాబైట్ అంటే సుమారు వెయ్యి టీబీ) పైచిలుకు డేటాలో 90 శాతాన్ని అందులోకి మార్చింది. రెండేళ్లలో దాదాపు 7.5 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిందని 2018లో షేర్ల జారీ పత్రాల్లో చెప్పుకుంది. సొంత ఇంజినీర్లు, సొంత పెట్టుబడి ఉన్నవాళ్లకు దారి దొరికింది. మన స్టూడియో యజమానికి ఆ దారి లేదు.

మామూలు కుటుంబాల పరిస్థితీ ఇంతే, అక్కడ రుసుము రూపమే వేరు. 2015లో గూగుల్ ఫొటోస్ అపరిమిత ఉచిత నిల్వ ఇచ్చింది. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు, మనవళ్ల ఫొటోల కోసం ఎదురుచూసే ఇక్కడి అమ్మమ్మలు, తాతయ్యలు అందరూ అందులోకి వెళ్లిపోయారు. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆగింది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీ, అది దాటితే నెలవారీ చందా. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ 2014లో చందాదారులకు అపరిమితం అని, 2015 నవంబరులో వెనక్కి తగ్గింది. అమెజాన్ డ్రైవ్ అపరిమిత పథకం 2017లో పోయింది, 2023 చివరికి ఆ సేవే మూతపడింది. కాదంటే ఫొటోలు దించుకోవచ్చు కదా అంటారు. దించుకోవచ్చు, గూగుల్ టేకౌట్ అనే ఏర్పాటు 2011 నుంచే ఉంది. కానీ అది పదుల కొద్దీ జిప్ ఫైళ్లుగా వస్తుంది. యాప్‌లో మీరు సరిచేసుకున్న తేదీలు, రాసుకున్న వివరాలు ఫొటోలో ఉండవు, పక్కన వేరే ఫైళ్లలో ఉంటాయి. వాటిని తిరిగి కలపడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలి. అరవై ఏళ్ల మనిషి ఆ పని చేయలేక నెల నెలా చందా కడుతున్నాడంటే, అది ఇష్టపడి ఎంచుకున్నదని నేను అనుకోను.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన నష్టం డబ్బు కాదు, భద్రత. 2013 సెప్టెంబరులో నిర్వానిక్స్ అనే అమెరికన్ క్లౌడ్ నిల్వ కంపెనీ మూతపడుతూ, డేటా తీసుకెళ్లడానికి కస్టమర్లకు మొదట ఇచ్చిన గడువు రెండు వారాలు. పెటాబైట్ల డేటా ఉన్నవాళ్లకు ఆ గడువులో దించుకోవడమే అసాధ్యం. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ నిధి యూనిసూపర్‌కు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ప్రైవేట్ క్లౌడ్ ఖాతా, గూగుల్ వైపు జరిగిన కాన్ఫిగరేషన్ పొరపాటు వల్ల తుడిచిపెట్టుకుపోయింది. ఆరు లక్షల మందికి పైగా సభ్యులు రోజుల తరబడి తమ ఖాతా చూసుకోలేకపోయారు. ఆ సంస్థ కోలుకోవడానికి పనికొచ్చినవాటిలో వేరే కంపెనీ దగ్గర ఉంచుకున్న బ్యాకప్ ఒకటి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కు నిప్పంటుకున్నప్పుడు అలాంటి రెండో కాపీ లేదు. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లో 858 టీబీ కాలిపోయింది. అంత పెద్ద డేటాకు బయట బ్యాకప్ పెట్టడం కష్టమని ఊరుకున్నారు.

రెండో కాపీ వేరే కంపెనీ దగ్గర ఉండాలని ఐటీ చదివిన ప్రతి కుర్రాడికీ తెలుసు. కానీ క్లౌడ్‌లోనే పుట్టి పెరిగే డేటాకు ఆ కాపీ తీయాలంటే బయటికి తీసే రుసుము కట్టి తీరాలి. మొదటిసారి మొత్తానికి, ఆ తర్వాత మార్పు జరిగినప్పుడల్లా. కంపెనీ మారేవాడి మీద మాత్రమే పడుతుందనుకున్న ఈ సుంకం, జాగ్రత్తపరుడి మీద కూడా పడుతోంది. ఖర్చు చూసి చిన్న సంస్థ రెండో కాపీ మానేస్తుంది. ఏదైనా జరిగితే పోయేది దాని కస్టమర్ల డేటా.

దీన్ని సరిచేయవచ్చని యూరప్ చూపించింది. అక్కడి డేటా యాక్ట్ 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. 2027 జనవరి 12 నుంచి, ఒక క్లౌడ్ నుంచి ఇంకో క్లౌడ్‌కు మారేవారి దగ్గర రుసుము తీసుకోకూడదు. చట్టం వస్తోందని తెలిసి 2024 తొలి నెలల్లోనే గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ, పూర్తిగా వదిలి వెళ్లేవారికి ఈ రుసుము మాఫీ చేస్తామన్నాయి. మన దేశంలోని కస్టమర్లు కూడా అడిగి తీసుకోవచ్చు. అయితే రెండు క్లౌడ్‌లను పక్కపక్కన వాడుకునేవారికి, అంటే బ్యాకప్ కోసమో పోటీ ధర కోసమో డేటా అటూ ఇటూ పంపేవారికి, మాఫీ వర్తించదు. ఆ సౌకర్యాన్ని 2025 సెప్టెంబరులో గూగుల్ ఉచితంగా ఇచ్చింది యూరోపియన్ యూనియన్, బ్రిటన్ కస్టమర్లకే. అదే కంపెనీ, అదే సాంకేతికత. అక్కడ చట్టం, నియంత్రణ సంస్థల ఒత్తిడి ఉన్నాయి కాబట్టి ఇచ్చారు. ఇక్కడ ఎవరూ అడగలేదు.

మనవాళ్లు ఒకసారి అడగబోయి ఆగిపోయారు. 2019 వ్యక్తిగత డేటా రక్షణ బిల్లులో, పౌరుడు తన డేటాను ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి తీసుకెళ్లే హక్కు ఉంది. 2023లో పాసైన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ హక్కు లేదు. 2024 మార్చిలో వచ్చిన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా క్లౌడ్ సేవలను తన పరిధిలో పేరు పెట్టి చేర్చింది. అది ముసాయిదాగానే మిగిలింది. మరోవైపు, ప్రభుత్వ శాఖలు క్లౌడ్ కొనేటప్పుడు బయటికి వచ్చే ఏర్పాట్లు ఒప్పందంలో రాసుకోవాలని కేంద్ర ఐటీ శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. ప్రభుత్వం తనకు అవసరమనుకున్న రక్షణ వరంగల్‌లో యాప్ నడిపే కుర్రాడికి ఎందుకు అక్కర్లేదు?

ఇప్పుడే ఈ ప్రశ్న వేయడానికి కారణం ఉంది. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరు నుంచి నడుస్తోంది. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లిలో భూములు, గిగావాట్ స్థాయి కరెంటు, సముద్రగర్భ కేబుళ్లు, రాయితీలు అన్నీ చర్చకు వచ్చాయి. ఉద్యోగాలు ఎన్ని, నీళ్లు ఎక్కడివి అని అడుగుతున్నారు, అడగాలి కూడా. సర్వర్లు మన ఊళ్లో ఉంటే మన డేటా మన చేతిలో ఉన్నట్టే అన్న ధీమా మాత్రం సరికాదు. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు విధించగానే గుజరాత్‌లో రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది, తర్వాతే సేవలు తిరిగొచ్చాయి. యంత్రం ఎక్కడుందన్న దానికంటే స్విచ్ ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం. ఆ స్విచ్ మన చేతికి రాకపోయినా, వేరే చోటికి వెళ్లే దారి తెరిచి ఉంచుకోవచ్చు.

అలాంటి దారి మనం ఇంతకుముందు తెరిచాం. 2011 జనవరిలో మొబైల్ నంబర్ పోర్టబిలిటీ దేశమంతా వచ్చినప్పుడు, నంబర్ మార్చకుండా కంపెనీ మారే ఖర్చు 19 రూపాయలు మించకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కట్టడి చేసింది. తర్వాత దాన్ని ఇంకా తగ్గించింది. దానివల్ల కంపెనీలేమీ మూతపడలేదు. క్లౌడ్ విషయంలో పోటీ చట్టం చేయాల్సింది కేంద్రమే, రాష్ట్రాల చేతిలో అది లేదు. కానీ భూమి, కరెంటు రాయితీ ఇచ్చే రాష్ట్రానికి బేరమాడే బలం ఉంది. దేశంలోని ఒక క్లౌడ్ నుంచి దేశంలోనే ఉన్న ఇంకో క్లౌడ్‌కు డేటా పంపితే అసలు ఖర్చుకు మించి వసూలు చేయకూడదని అమరావతి, హైదరాబాద్ ప్రభుత్వాలు ఒప్పందాల్లో అడగవచ్చు. బిల్లు మొదటి పేజీలోనే నిల్వ ధర పక్కన బయటికి తీసే ధర కూడా కనిపించాలని షరతు పెట్టవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, శాఖలు కొనే ప్రతి క్లౌడ్ టెండర్‌లో ఈ నిబంధన రాయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక జీవో చాలు.