సీఈవోతో చేయి కలిపినంత మాత్రాన వజ్రాల కంపెనీ అర్థం కాదు

ఏటా మార్చి మొదట్లో టొరంటోలో పీడీఏసీ సదస్సు జరుగుతుంది. గనుల అన్వేషణ కంపెనీలకు ప్రపంచంలోని పెద్ద సదస్సుల్లో అదొకటి. ఆ రోజులు దగ్గరపడితే చాలు, కెనడాలో చిన్న కంపెనీల షేర్లు కొనే మన తెలుగువాళ్ల మధ్య ఒక సలహా తిరుగుతుంది. దాని సారాంశం ఇది: వజ్రాల కంపెనీల రిపోర్టులు మనకు అర్థం కావు. స్టాల్ దగ్గరికి వెళ్లి సీఈవోని కలిస్తే బయటికి చెప్పని విషయాలు చెబుతారు, రాళ్లు కళ్లకు చూపిస్తారు. వాళ్ల సొంత డబ్బు కూడా అందులోనే ఉంది కాబట్టి భయం లేదు. చివరికి డి బీర్స్ లాంటి పెద్ద కంపెనీ ఎలాగూ కొనేస్తుంది.

ఈ మాట నమ్మి జీతం డబ్బు పోసినవాళ్లు నాకు తెలుసు. సదస్సుకు వెళ్లొద్దని నేను అనను. కానీ ఈ సలహా చెప్పే కారణాలతో వెళ్తే నష్టపోతారు. అందుకే ఒక్కో మాటా విడిగా చూద్దాం.

"బయటికి చెప్పని విషయాలు చెబుతారు."

చెప్పకూడదు. షేర్ ధరను కదిలించే సమాచారాన్ని కొందరికే చెప్పడం కెనడా చట్టం ప్రకారం నేరం. అలా విన్న మనిషి దాని ఆధారంగా షేర్లు కొన్నా, అమ్మినా అతనిదీ తప్పే. కొన్నది వంద షేర్లా, లక్ష షేర్లా అన్నది చట్టానికి ముఖ్యం కాదు. కాబట్టి పద్ధతిగా నడిచే సీఈవో మీకు చెప్పేదంతా అప్పటికే పత్రికా ప్రకటనలో ఉంటుంది. అంతకుమించి చెప్పాడంటే, చట్టాన్ని లెక్కచేయని మనిషి చేతిలో మీ డబ్బు ఉందని అర్థం. ఇక "వచ్చే నెల చూడండి, చాలా బాగుంటుంది" లాంటి మాటల్లో సమాచారమే లేదు. స్టాల్ పెట్టిన ప్రతి కంపెనీ అదే చెబుతుంది, చెప్పడానికే వాళ్లు డబ్బు కట్టి స్టాల్ తీసుకుంటారు.

"రాళ్లు కళ్లకు చూపిస్తారు."

ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. కింబర్లైట్ అనే అగ్నిశిల ఉన్న పైపుల్లో, అంటే నేల లోతు నుంచి గొట్టంలా పైకి వచ్చిన రాతి భాగాల్లో, కొన్నింటిలోనే వజ్రాలుంటాయి. వజ్రాలున్న వాటిలోనూ గని పెట్టి లాభం తీయగలిగినవి చాలా తక్కువ. మన అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల కింబర్లైట్ పైపులు ఎన్నో దొరికాయి, వజ్రాలున్నవీ ఉన్నాయి. అయినా అక్కడ ఇప్పటికీ వాణిజ్య గని లేదు. "వజ్రం దొరికింది" అనే మాటకూ "గని వస్తుంది" అనే మాటకూ మధ్య ఎంత దూరముందో తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

స్టాల్లో చూపించేది డ్రిల్ కోర్ ముక్క, అంటే నేలను తొలిచి బయటికి తీసిన రాతి కడ్డీలో ఓ ముక్క. మొదటి దశలో కంపెనీలు ప్రకటించేది మైక్రోడైమండ్ల, అంటే అతి చిన్న వజ్రాల సంఖ్య. కొన్ని వందల కిలోల రాయిని క్షారంలో కరిగించి, మిగిలిన వజ్రాలను జల్లెడ పట్టి లెక్కపెడతారు. అందులో అతి చిన్న జల్లెడ కన్ను మిల్లీమీటరులో దాదాపు పదో వంతు. అంతటి వజ్రాన్ని ఎవరూ కొనరు. గనికి డబ్బు తెచ్చేది దాదాపు ఒక మిల్లీమీటరు దాటిన రాళ్లు, వాటిలోనూ ముఖ్యంగా పెద్దవి. ఆ పెద్దవి ఎన్నున్నాయో తెలియాలంటే వందలు, వేల టన్నుల రాయిని నమూనాగా తవ్వాలి, దాన్నే బల్క్ శాంపిల్ అంటారు. కారట్ ధర ఎంత పలుకుతుందో ఓ మాదిరిగా చెప్పాలంటే కొన్ని వేల కారట్ల రాళ్లు చేతిలో ఉండాలి. బంగారంలో గ్రాము ఎక్కడైనా గ్రామే. వజ్రాల్లో ఒకే బరువున్న రెండు రాళ్ల ధర పది రెట్లు తేడా ఉండొచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. 1991లో భూగర్భ శాస్త్రవేత్తలు చక్ ఫిప్కే, స్టూవర్ట్ బ్లసన్‌ల డయా మెట్ కంపెనీ, భాగస్వామి అయిన పెద్ద గనుల సంస్థ బీహెచ్‌పీతో కలిసి ఉత్తర కెనడాలోని లాక్ డ గ్రా సరస్సు దగ్గర వజ్రాలు కనిపెట్టింది. ఆ పరిసరాల్లో హక్కుల కోసం ఎన్నో కంపెనీలు ఎగబడ్డాయి. దగ్గర్లోని ట్లీ క్వీ చో పైపు మీద ఆశలు ఆకాశానికి చేరాయి. 1994లో బల్క్ శాంపిల్ ఫలితం నిరాశపరచగానే భాగస్వామ్య కంపెనీల షేర్లు కుప్పకూలాయి. ఆ నమూనా పైపులో వజ్రాలు తక్కువున్న భాగం నుంచి ఎక్కువగా వచ్చిందని తర్వాత నిపుణులు చెప్పారు. అంటే బల్క్ శాంపిల్‌ కూడా ఎక్కడ తీశారన్నదాన్ని బట్టే మాట్లాడుతుంది. అలాంటప్పుడు అరచేతిలో పెట్టి చూపించే కోర్ ముక్క మీకు ఏం చెప్పగలదు?

"వాళ్ల సొంత డబ్బు కూడా పెట్టారు."

ఎలా పెట్టారని అడగండి. మేనేజ్‌మెంట్ షేర్లలో చాలా భాగం స్టాక్ ఆప్షన్లుగా (ముందే నిర్ణయించిన ధరకు షేర్లు కొనే హక్కుగా) వచ్చి ఉండొచ్చు, లేదా తొలినాళ్లలో కొన్ని సెంట్లకు కొన్నవి కావచ్చు. కంపెనీ కొందరికే నేరుగా షేర్లు అమ్మే ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో కొన్నవాళ్లకు మార్కెట్ ధర కంటే తక్కువకు షేర్లు, పైన వారంట్లు (తర్వాత ఒక నిర్ణీత ధరకు మరిన్ని షేర్లు కొనే హక్కులు) కూడా తరచూ వస్తాయి. సాధారణంగా నాలుగు నెలల దాకా అమ్మడానికి వీల్లేదు, ఆ గడువు తీరగానే అవి మార్కెట్లోకి రావచ్చు. మీరు మార్కెట్ ధరకు కొని, వాళ్లు అందులో సగానికి కొంటే ఇద్దరి రిస్క్ ఒకటెలా అవుతుంది? ఇన్‌సైడర్లు కొన్నవీ అమ్మినవీ సెడీ అనే సైట్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

పెద్దల డబ్బు ఉంటే కాపాడుతుందన్న మాటకు క్యూబెక్‌లోని రెనార్డ్ గని జవాబు. ఆ గని సొంతదారైన స్టోర్నోవే కంపెనీలో అప్పట్లో క్యూబెక్ ప్రభుత్వ సంస్థ కూడా పెద్ద వాటాదారే. 2014లో 94.6 కోట్ల కెనడా డాలర్ల నిధులు సమకూర్చుకుని గని కట్టారు, 2016లో తెరిచారు. కానీ రాళ్లు ప్లాంట్‌లో విరిగిపోవడం సమస్యైంది, కారట్‌కు అనుకున్న ధర రాలేదు. 2019లో కంపెనీ అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. గని అప్పులిచ్చినవాళ్ల చేతికి పోయింది, వాటాదారులకు ఏమీ మిగల్లేదు. అక్కడ వజ్రాలు నిజంగానే ఉన్నాయి, గని నిజంగానే నడిచింది, ఎవరూ ఎవరినీ మోసం చెయ్యనక్కర్లేదు. చిన్న వాటాదారుకు మాత్రం సున్నా.

"పెద్ద కంపెనీ కొనేస్తుంది."

కొంటుంది, కొన్నిసార్లు. కెనడాలో స్నాప్ లేక్ వజ్రాల నిక్షేపాన్ని కనిపెట్టిన విన్‌స్పియర్‌ని డి బీర్స్ 2000లో సుమారు 30 కోట్ల కెనడా డాలర్లకు కొన్నప్పుడు వాటాదారులు బాగానే సంపాదించారు. అదే డి బీర్స్ 2018లో చిడ్లియాక్ వజ్రాల ప్రాజెక్టు ఉన్న పెరెగ్రీన్‌ని షేర్‌కు 24 సెంట్ల చొప్పున కొంది. ఒకప్పుడు డాలరు దాటి తిరిగిన షేర్ అది. అప్పుడు కొన్నవాళ్లకు ఈ అమ్మకం నష్టాన్ని ఖాయం చేసింది, అంతే. ఎవరూ కొనకపోతే ఎదురుచూపే గతి. కెనడాలోనే గాచో క్వే దగ్గర తొలి పైపు 1995లో దొరికితే గని 2016లో తెరుచుకుంది. ఇరవై ఏళ్లకు పైగా కంపెనీ ఖర్చులకు కొత్త షేర్లు జారీ చేస్తూ పోతే మీ వాటా ఎంతకు కరుగుతుందో లెక్క వేసుకోండి.

ఇక రిపోర్టులు అర్థం కావన్న మాట. బంగారు గని పేరిట జరిగిన బ్రీ-ఎక్స్ మోసం 1997లో బయటపడ్డాక కెనడా 2001లో 43-101 నిబంధన తెచ్చింది. గని వివరాలకు అర్హత ఉన్న నిపుణుడు బాధ్యత వహించాలి. ఆ నిబంధన కింద వచ్చే రిపోర్టులో మొదట ఉండే సారాంశం ఓపికగా చదివితే మనలాంటి వాళ్లకూ చాలా భాగం అర్థమవుతుంది. అది చదివాకే సీఈవో దగ్గరికి వెళ్లండి. ఎన్ని టన్నుల నమూనా తీశారు, పైపులో ఏ భాగం నుంచి, ఏ సైజు జల్లెడతో లెక్కపెట్టారు, కారట్ ధర ఎవరు ఏ ఏడాది వేశారు అని అడగండి. ల్యాబ్ వజ్రాల వల్ల ధరలు బాగా పడ్డాయి కాబట్టి ఈ చివరి ప్రశ్న వదలొద్దు. కంపెనీ చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలల ఖర్చులకు సరిపోతుందో కూడా అడగండి. ఇంటికొచ్చి, కంపెనీల పత్రాలు దొరికే సైట్ సెడార్ ప్లస్‌లో తాజా త్రైమాసిక లెక్కలు తెరిచి, ఆయన చెప్పిన నెలలు అందులోని నగదుతో సరిపోతున్నాయో లేదో చూడండి.