45 నిమిషాలు ఆ ఆల్బమ్‌కి ఇవ్వండి

మొన్న ఒక ఫ్రెండ్‌కి నాలా సినెఫ్రో ఆల్బమ్ ‘ఎండ్‌లెస్‌నెస్’ పంపించాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది: "బాగుంది రా, ఆఫీసు పని చేసుకుంటూ బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టుకోవచ్చు." అప్పటి నుంచి మనసు మనసులో లేదు. మెచ్చుకున్నాడు కదా, నీకెందుకు బాధ అంటారేమో. ఇలా మెచ్చుకునే కంటే నచ్చలేదంటేనే నయం. నచ్చలేదన్నవాడు కనీసం చెవిపెట్టి విన్నట్టు.

ఈ ఆల్బమ్ 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. ఎన్నిసార్లు విన్నా నాకు ఇంకా కొత్తగానే ఉంది. సినెఫ్రో బెల్జియంలో పెరిగి లండన్‌లో స్థిరపడ్డ జాజ్ సంగీతకారిణి. హార్ప్ అనే పెద్ద తీగవాద్యం వాయిస్తుంది, కరెంటుతో స్వరాలు పుట్టించే సింథసైజర్లు వాయిస్తుంది. ఆల్బమ్‌లో పది ట్రాకులు, వాటికి వేరే పేర్లు కూడా లేవు. ‘కంటిన్యువమ్ 1’ నుంచి ‘కంటిన్యువమ్ 10’ దాకా అంతే. పేర్లు పెట్టకపోవడానికి కారణం వింటే తెలుస్తుంది. ఇవి పది పాటలు కావు, 45 నిమిషాల ఒకే ప్రవాహం. దాని వెన్నెముక ఒక ఆర్పెజియో. అంటే కలిపి మోగించే స్వరాల గుంపు (కార్డ్) లోని స్వరాలన్నీ ఒక్కసారిగా మోగకుండా ఒకదాని వెనక ఒకటి మెట్లెక్కినట్టు రావడం. అది సింథ్‌లో తిరుగుతూ ఉంటుంది. దాని మీదికి డ్రమ్స్ వస్తాయి, సాక్సోఫోన్ వస్తుంది, షీలా మారిస్-గ్రే వాయించే, ట్రంపెట్ లాంటి ఫ్లూగల్‌హార్న్ వస్తుంది, 21 మంది తీగవాద్యకారులు వస్తారు. ఎవరూ ఎవరినీ తొక్కెయ్యరు. వయొలిన్లు వచ్చాయని మనం గమనించేసరికి అవి వచ్చి అప్పటికే చాలాసేపై ఉంటుంది.

మన ఊళ్లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే చాలామందికి డీజేనే. బరాత్‌లో, నిమజ్జనంలో గుండెలదిరేలా మోగే స్పీకర్లు. దాన్ని తప్పుపట్టడం లేదు, దాని సంతోషం దానిది. కానీ కరెంటుతో పుట్టే శబ్దానికి మన శాస్త్రీయ సంగీతంలోనూ చోటుంది. చిన్నప్పుడు నాన్న నన్ను చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి తీసుకెళ్లేవాడు. గాయకుడి పక్కన చిన్న రేడియోలా ఒక శ్రుతి పెట్టె ఉండేది. ప్లగ్ పెడితే తంబుర మోగేది. కచేరీ అయ్యేదాకా ఆగేది కాదు. దాన్ని ఎవరూ బ్యాక్‌గ్రౌండ్ అనలేదు. అది ఆధారం. దాని మీద నిలబడే రాగం మొత్తం.

‘ఎండ్‌లెస్‌నెస్’లో ఆ ఆర్పెజియో విన్న మొదటిసారి నాకు గుర్తొచ్చింది ఆ పెట్టే. తేడా ఒక్కటే, తంబుర కదలదు, ఇది కదులుతుంది, రంగు మారుతుంది. ఈ పోలిక నేను లాక్కొచ్చి అతికించింది కాదు. జాజ్‌లో హార్ప్ అనగానే గుర్తొచ్చే ఆలిస్ కోల్ట్రేన్ 1971లో ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ ఆల్బమ్ చేసింది. అందులో ఆమె హార్ప్ వెనకాల మోగేది తంబురే. తర్వాతి కాలంలో ఆమె పుట్టపర్తి సాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో నడిపిన ఆశ్రమానికి సాయి అనంతం అని పేరు పెట్టుకుంది. ఆ 1971 రికార్డులో సాక్సోఫోన్ వాయించిన ఫారో సాండర్స్ మళ్లీ 80 ఏళ్ల వయసులో, 2021లో వచ్చిన ‘ప్రామిసెస్’ ఆల్బమ్‌లో వినిపిస్తాడు. అక్కడ ఫ్లోటింగ్ పాయింట్స్ అనే పేరుతో సంగీతం చేసే బ్రిటిష్ కళాకారుడి ఎలక్ట్రానిక్స్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, తొమ్మిది భాగాలు, వాటన్నిటి గుండా మళ్లీ మళ్లీ వచ్చే ఒక చిన్న స్వరమాల. అంటే శ్రుతిని నమ్ముకున్న సంగీతం ఎన్ని సముద్రాలు దాటిందో చూడండి. అలాంటిది మన చెవికి అర్థం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అరగంట ఆలాపన వినే ఓపిక మనకి ఉండేది. పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టి మళ్లీ పాడించుకున్నవాళ్లం మనం.

నా అసలు కోపం ఆ ఫ్రెండ్ మీద కాదు. వినడాన్ని ముక్కలు చేసిన పద్ధతి మీద. ఒక యాప్‌లో డబ్బు కట్టకుండా ఇదే ఆల్బమ్ వింటుంటే మూడో ట్రాక్‌కీ నాలుగో ట్రాక్‌కీ మధ్య బిర్యానీ డెలివరీ యాడ్ అరిచింది. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఇంకో చోట ఇదే సంగీతాన్ని ‘నిద్రకి, చదువుకి, ఫోకస్‌కి’ అని ఒక ప్లేలిస్టులో పడేశారు. ఒక మనిషి అన్నేసి వాద్యాలని కూర్చి, ఒక్కో స్వరం ఎక్కడ ఆగాలో ఆలోచించి చేసిన పనిని మందుబిళ్ల చేసేశారు.

అందుకే నేను దీన్ని మెట్రోలో వింటాను. మియాపూర్‌లో ఎక్కి కూర్చుని మొదటి ట్రాక్ పెట్టి ఫోన్ జేబులో పడేస్తాను. ఎల్బీ నగర్ దాకా 29 కిలోమీటర్లు. అమీర్‌పేటలో జనం మీదకి తోసుకొస్తారు, అయినా హెడ్‌ఫోన్స్‌లో ఆ మెట్లు ఎక్కుతూనే ఉంటాయి. మూసీ దాటేటప్పటికి చివరి ట్రాకుల్లో ఉంటాను. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర్లో ఆల్బమ్ అయిపోతుంది. మిగిలిన స్టేషన్లు ఏమీ పెట్టను. ఖాళీగా కూర్చుంటాను. ఆ మూడు స్టేషన్ల దూరం కూడా ఆల్బమ్‌లో భాగమే నాకు.

ఫ్రెండ్‌కి మళ్లీ మెసేజ్ పెట్టాను. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మియాపూర్ స్టేషన్‌కి రమ్మన్నాను. వస్తానన్నాడు.