బోర్డు యజమానిది, భారం గుమస్తాది

అమెరికాలో కొనుగోలుదారు తుపాకీతో దుకాణంలోకి రావచ్చా అంటే రాష్ట్ర చట్టం ఒక మాట చెబుతుంది, దుకాణం యాజమాన్యం ఇంకో మాట చెబుతుంది. ఈ రెండు మాటల మధ్య నలిగిపోతున్నది గంటల లెక్కన జీతం తీసుకుంటూ కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగి. 2019 ఆగస్టు 3న టెక్సాస్‌లోని ఎల్‌పాసో వాల్‌మార్ట్‌లో జరిగిన కాల్పులు 23 మందిని బలిగొన్నాయి. నెల తిరిగేసరికి ఆ సంస్థ, చట్టం అనుమతించే రాష్ట్రాల్లో సైతం తమ దుకాణాల్లోకి తుపాకులు బాహాటంగా ధరించి రావద్దని కొనుగోలుదారులను కోరింది. క్రోగర్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్ రోజుల వ్యవధిలో అదే బాట పట్టాయి. స్టార్‌బక్స్ 2013లోనూ, టార్గెట్ 2014లోనూ ఇలాంటి ప్రకటనలే చేశాయి. ఇవన్నీ విజ్ఞప్తులే తప్ప నిషేధాలు కావు.

స్టార్‌బక్స్ అధిపతిగా ఉన్న హోవార్డ్ షుల్ట్‌జ్ అందుకు కారణం అప్పట్లోనే దాపరికం లేకుండా చెప్పారు. నిషేధం పెడితే, ఆయుధంతో వచ్చిన మనిషిని ఎదుర్కోవాల్సింది తమ సిబ్బందేనని, ఆ పని వారికి అప్పగించడం తనకు సమ్మతం కాదని ఆయన వివరించారు. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే విజ్ఞప్తిని లెక్కచేయని వాడు లోపలికి వచ్చి నిలబడినప్పుడు అతడితో మాట్లాడాల్సింది కూడా ఆ సిబ్బందే గనుక, నిషేధం పెట్టకపోవడంతో వారికి ఒరిగింది పెద్దగా లేదు.

చట్టం ఇక్కడ అక్కరకు రావాలి. ఆయుధం కలిగి ఉండే హక్కును కాపాడే అమెరికా రాజ్యాంగంలోని రెండో సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. తన స్థలంలోకి ఆయుధం తేవద్దనే హక్కు ప్రైవేటు యజమానికి ఎప్పుడూ ఉంది. ఆ హక్కును వాడుకునే దారినే కొన్ని రాష్ట్రాలు ఇరుకు చేశాయి. టెక్సాస్‌నే తీసుకుంటే, 2016 జనవరి 1 నుంచి లైసెన్సుదారులు చేతి తుపాకీని బయటికి కనిపించేలా ధరించే వీలు వచ్చింది. 2021 సెప్టెంబరు నుంచి చాలామందికి ఆ లైసెన్సు అవసరం కూడా లేకుండా పోయింది. లైసెన్సుదారును బోర్డుతో ఆపాలంటే చట్టంలో రాసిన వాక్యాలనే ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, నేపథ్యానికి భిన్నమైన రంగులో, కొట్టొచ్చినట్టు కనిపించేలా ప్రదర్శించాలి. బాహాటంగా ధరించేవారి కోసమైతే ఆ బోర్డు ప్రతి ప్రవేశద్వారం వద్దా ఉండాలి. తుపాకీ బొమ్మ మీద ఎర్రగీత కొట్టిన మామూలు స్టిక్కరు లైసెన్సుదారు విషయంలో చాలదు. ఇంత చేసినా ఆ బోర్డును ఉల్లంఘిస్తే పడే జరిమానా 200 డాలర్లకు మించదు. నేరం బరువెక్కాలంటే ఎవరో ఒకరు ఎదురు వెళ్లి బయటికి పొమ్మని నోటితో చెప్పాలి, అతడు వినకపోవాలి. బోర్డుకు చట్టబలమే లేని రాష్ట్రాల్లో ఇక మిగిలేది ఈ నోటిమాట ఒక్కటే.

ఎదురు వెళ్లే ఆ ఉద్యోగికి వచ్చినవాడి మనసు తెలిసే అవకాశం లేదు. 2015 అక్టోబరులో కొలరాడో స్ప్రింగ్స్‌లో రైఫిల్‌తో తిరుగుతున్న వ్యక్తిని చూసి ఒక మహిళ అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తే, బాహాటంగా ఆయుధం ధరించడం అక్కడ చట్టబద్ధమేనన్న జవాబు వచ్చింది. కాసేపటికే ఆ వ్యక్తి ముగ్గురిని చంపాడు. ఎల్‌పాసో ఘటన జరిగి వారమైనా కాకముందే మిస్సోరిలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వాల్‌మార్ట్‌లోకి ఒక యువకుడు రైఫిల్‌తో, ఒంటిపై రక్షణ కవచంతో నడిచి వచ్చి జనాన్ని పరుగులు పెట్టించాడు. తన హక్కును దుకాణం గౌరవిస్తుందో లేదో చూడటానికే వచ్చానన్నాడు. బాహాటంగా తుపాకీ ధరించడం నేరం కాని ఒహైయోలో 2014 ఆగస్టున జరిగింది ఇంకా ఘోరం. బీవర్‌క్రీక్ వాల్‌మార్ట్‌లో అమ్మకానికి పెట్టిన ఎయిర్‌గన్‌ను చేతపట్టుకుని ఫోన్లో మాట్లాడుకుంటున్న 22 ఏళ్ల నల్లజాతి యువకుడిని పోలీసులు కాల్చి చంపారు. చట్టం ఒకరికి ఇచ్చిన వెసులుబాటు మరొకరికి ప్రాణం మీదికి రావడం మేము మరువలేని విషయం.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2024 నవంబరులో షికాగోలో ఖమ్మం జిల్లా విద్యార్థి, 2025 అక్టోబరులో టెక్సాస్‌లో హైదరాబాద్ విద్యార్థి గ్యాస్ స్టేషన్లలో, అంటే పెట్రోలు బంకుల్లో, తూటాలకు బలయ్యారు. ఆ హంతకులను ఏ బోర్డూ ఆపి ఉండేది కాదు, నిజమే. అయినా రాత్రి షిఫ్టులో ఒంటరిగా కూర్చున్న మన పిల్లవాడు నడుముకు తుపాకీతో తలుపు తోసుకుని వచ్చే ప్రతి మనిషినీ రెప్పపాటులో అంచనా వేయాలి. క్యాంపస్ బయట పనికి అనుమతి లేని విద్యార్థి వీసాతో నెట్టుకొస్తుంటే పోలీసులకు ఫోన్ చేయడానికీ జంకుతాడు. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులను పోలీస్‌స్టేషన్‌లో అప్పగించే ఆనవాయితీ ఉన్న చోటి నుంచి వెళ్లిన ఆ కుర్రాడిపై, తుపాకీ ఉన్న మనిషిని బయటికి పొమ్మనే బాధ్యత మోపడం అన్యాయం.

హవాయి 2023లో చేసిన చట్టం ఈ బాధ్యతను తిరగేసింది. యజమాని స్పష్టంగా అనుమతిస్తేనే ప్రైవేటు స్థలంలోకి తుపాకీ తేవాలంది. ఇంటి బయట ఆత్మరక్షణకు చేతి తుపాకీ వెంట ఉంచుకోవడం రాజ్యాంగ హక్కేనని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు తేల్చిన తర్వాత వచ్చిన చట్టమిది. న్యూయార్క్ తెచ్చిన ఇలాంటి నిబంధనను, ప్రజలు వచ్చిపోయే స్థలాల వరకు, ఒక ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అడ్డుకోగా, హవాయి నిబంధనను మరో అప్పీళ్ల కోర్టు 2024లో సమర్థించింది. ఆ వివాదాన్ని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో విచారణకు స్వీకరించింది. అడుగడుగునా అనుమతి అడగాలంటే హక్కు కాగితానికే పరిమితమవుతుందన్నది ప్రత్యర్థుల వాదన. అది కొట్టిపారేయదగింది కాదు. ఊరి చివర దుకాణం నడిపే యజమానులు ఆత్మరక్షణకు తుపాకీ దగ్గరుంచుకోవడమూ ఉంది. వారు కావాలనుకుంటే తుపాకులకు అనుమతి ఉందని తలుపు మీద ఒక్క ముక్క రాసుకుంటే సరిపోతుంది. నోరు విప్పాల్సిన వాడు తుపాకీ వెంట తెచ్చుకునేవాడే కావాలి.

ఆ మార్గానికి కోర్టులు అంగీకరించని చోట రాష్ట్రాలు కనీసం బోర్డుకు పూర్తి చట్టబలం ఇవ్వాలి, సాదా స్టిక్కరునూ చెల్లుబాటు చేయాలి. సంస్థలు మెత్తని విజ్ఞప్తులు మాని స్పష్టమైన నిషేధం రాయాలి. తుపాకీతో వచ్చినవారిని నిలదీయడం ఉద్యోగి పని కాదని, పోలీసులకు ఫోన్ చేసి పక్కకు తప్పుకొంటే ఉద్యోగానికి ముప్పు రాదని ప్రతి గుమస్తాకూ లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి.