మాత్ర మాన్పించే హక్కు ఎవరిచ్చారు?

హోమియోపతితో నయమవుతుంది, థైరాయిడ్‌కు జీవితాంతం మాత్రలు అక్కర్లేదంటూ నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఆటోల వెనుక, కేబుల్ టీవీ స్క్రోలింగుల్లో సాగుతున్న ప్రచారాన్ని ఇక ఉపేక్షించడానికి వీల్లేదు. హోమియోపతి ప్రభుత్వ గుర్తింపు పొందిన వైద్యమే. 2020 చట్టం కింద దానికి జాతీయ కమిషన్ ఉంది, నచ్చిన వైద్యం చేయించుకునే స్వేచ్ఛ రోగికీ ఉంది. అంతమాత్రాన మరో వైద్యుడు రాసిన మాత్రను మాన్పించే అధికారం ఆ గుర్తింపుతో దఖలు పడదు.

థైరాయిడ్ మందగించినప్పుడు శరీరానికి కొరవడేది థైరాక్సిన్ అనే హార్మోను. పరగడుపున మంచినీళ్లతో వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్ర ఆ లోటును నేరుగా పూడుస్తుంది. నూటికి ఒక వంతు చొప్పున ముప్పై సార్లు పలుచన చేసిన ద్రావణంతో తడిపిన హోమియో పంచదార గుళికలో ఆ హార్మోను ఉండదు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 61 రకాల ఆరోగ్య సమస్యలపై జరిగిన అధ్యయనాలను వడపోసి, హోమియోపతి పనిచేస్తుందనడానికి ఏ ఒక్కదానిలోనూ నమ్మదగిన ఆధారం లేదని 2015లోనే తేల్చింది.

మరి 'నయమైంది' అన్న మాట ఎలా పుడుతోంది? మాత్ర మానిన మర్నాడే మనిషి మంచం పట్టడు. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది కనుక, ఆ రోజుల్లో తీయించిన, థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రిపోర్టు బాగుంటే ఆ ఘనత మానేసిన మాత్రదే. కాన్పు తర్వాత కొందరిలో తలెత్తే మందగమనం చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఈ రెండింటినీ గుళికల ఖాతాలో జమ వేసుకుని ప్రచారానికి వాడుకోవడం మోసం. ల్యాబు రిపోర్టు పనికొచ్చినప్పుడు, ఆ రిపోర్టు చూసి రాసిన మాత్ర ఎందుకు పనికిరాదు?

నష్టం మాన్పించినవారిది కాదు. తొలి నెలల్లో గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం. గర్భిణి చేత మాత్ర మాన్పించడమంటే ఆ బిడ్డ భవిష్యత్తుతో ఆడుకోవడమే. వృద్ధుల్లో వ్యాధి ముదిరితే ఒళ్లు చల్లబడి, స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర మానమని నోటితో చెప్పేవారు ఆ మాటనే చీటీ మీద రాసి, రిజిస్ట్రేషన్ నంబరు వేసి సంతకం చేయాలి. అందుకు వెనుకాడేవారికి మాన్పించే హక్కు లేదు.

గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి వాపు), షుగరు, మూర్ఛ వంటి వ్యాధులను నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. నేడు థైరాయిడ్ మాత్ర మాన్పిస్తుంటే ఊరుకున్నవారు, రేపు ఇన్సులిన్ మాన్పిస్తే ఏ ముఖంతో అడ్డుకుంటారు? ఫిర్యాదు వస్తే చూస్తామనే ఔషధ నియంత్రణ, ఆయుష్ అధికారులు తమ కార్యాలయాల ముందు నుంచే వెళ్లే ఆటోల మీది అక్షరాలు ఎందుకు చదవరు? జీతం తీసుకుంటున్నది అందుకే కదా.