కోచ్ చేసేది ఏమిటి, చేయలేనిది ఏమిటి

పర్సనల్ కోచ్ (మాట్లాడుతూ మన లక్ష్యం వైపు నడిపించే మనిషి) దగ్గరికెళ్తే టెన్షన్లన్నీ పోతాయన్నట్టు రాసిన వ్యాసం ఒకటి చదివాను. నేను సగమే ఒప్పుకుంటాను. మాది తిరుపతి. మా అక్క కూతురు ఇక్కడే ప్రైవేటు ఉద్యోగం చేస్తోంది. అది మానేసి చీరల వ్యాపారం పెట్టాలా వద్దా అని చాన్నాళ్లు ఊగిసలాడింది. ఇంట్లో తలా ఒక సలహా (నాదీ ఒకటి). ఆన్‌లైన్‌లో మాట్లాడిన కోచ్ మాత్రం సలహా ఊసే ఎత్తలేదట! నీకేం కావాలి, ఇప్పుడు పరిస్థితి ఏంటి, ఏయే దారులున్నాయి, వచ్చే వారంలోగా ఏం చేస్తావు, ఇవే ప్రశ్నలు. బ్రిటన్ కోచ్ జాన్ విట్మోర్ ప్రచారంలోకి తెచ్చిన గ్రో (GROW) అనే నాలుగు ప్రశ్నల పద్ధతి ఇదే. చేస్తానన్న పని చేశావా అని మళ్లీ వారం అడిగేవారట. అసలు పనిచేసింది ఆ అడగడమే అనుకుంటాను. ఇప్పుడు ఉద్యోగం మానకుండానే ఆదివారాలు ఇంట్లో చీరలు అమ్మి చూస్తోంది.

అయితే కోచ్‌నని బోర్డు పెట్టుకోవడానికి మన దగ్గర ప్రభుత్వ లైసెన్స్ ఏమీ అక్కర్లేదు. 1995లో మొదలైన కోచ్‌ల సంఘం ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే తొలి మెట్టు గుర్తింపు, ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్)కే, 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి. ఫీజు కట్టేముందు ఆ గుర్తింపు ఉందా అని మొహమాటపడకుండా అడగండి.

నిద్ర పట్టక, బతుకు మీద ఆశ పోయి బాధపడేవాళ్లను మాత్రం కోచ్ దగ్గరికి పంపకండి. అది డాక్టర్ చూడాల్సిన పని. మా తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.